ప్రిస్కిల్లాకు సన్మానం

గోడ మీది ఎద్దుకు శ్యామలాదేవి కుంకుమ బొట్టు పెట్టిన పూటే ఈ గొడవకంతటికీ పునాది పడింది.

శ్యామలాదేవి అంటే ఆమని అత్తగారు. వేసవి కొడుకు దగ్గర గడుపుదామని తెనాలి నుంచి ఐర్లండులోని కిల్కెన్నీ వచ్చింది. వచ్చిన మొదటి ఆదివారమే కొడుకూ కోడలూ ఆవిణ్ణి, బ్రెజిల్ వాళ్ళు పెట్టిన ఆటల క్లబ్బుకు తీసుకెళ్ళారు. ఊరి చివర, నది వంపు తిరిగే చోట పెద్ద పచ్చిక మైదానం, దాని పక్కన రేకుల క్లబ్‌హౌసు. ఆ క్లబ్‌హౌసు తలుపు పక్కన గోడకు ఎద్దు తల ఒకటి తగిలించి ఉంది. చెక్కలో చెక్కింది. పెద్ద కళ్ళు, గుండ్రటి కొమ్ములు, మెడ కింద గంగడోలు.

"అయ్యో, నందీశ్వరుడు! ఇంత దూరాన ఏ పుణ్యాత్ములు పెట్టారో!" అంటూ ఆవిడ ఆ తడి గడ్డిలోనే చెప్పులు విడిచేసింది. బ్యాగులోంచి కుంకుమ భరిణె తీసి, మునివేళ్ళ మీద లేచి, ఎద్దు నుదుట ఇంత బొట్టు పెట్టి కళ్ళకద్దుకుంది. చుట్టూ ఉన్న బ్రెజిల్ వాళ్ళు చప్పట్లు కొట్టారు. క్లబ్బు ప్రెసిడెంటు ప్రిస్కిల్లా అయితే పరుగెత్తుకొచ్చి ఆవిణ్ణి గట్టిగా కౌగిలించుకొని రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టేసింది. శ్యామలాదేవికి కౌగిళ్ళ అలవాటు లేదు గాని, నంది భక్తురాలు కదా పోనీలే అని సర్దుకుంది.

కారులో ఇంటికి వస్తుంటే వెనక సీట్లోంచి మనవరాలు రిషిత అంది. పదహారేళ్ళ పిల్ల, ఐరిష్ యాసలో తప్ప నోరు విప్పదు. "నానమ్మా, దట్స్ నాట్ నందీ. దట్స్ ద బుల్ ఫ్రమ్ ద స్లాటర్‌హౌస్. దేర్స్ ఎ లవ్లీ స్టోరీ యాక్చువల్లీ..."

కథ దాకా ఎవరు విన్నారు! స్లాటర్ అనే మాట ఒక్కటి చాలదూ? శ్యామలాదేవి ఇంటికి రాగానే తలారా స్నానం చేసి, ఆ పూట పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. "కబేళా గుమ్మానికి బొట్టు పెట్టించావు కదరా నా చేత!" అని కొడుకును పట్టుకొని ఏడ్చింది.

కొడుకు కళాధర్‌కు కావలసింది సరిగ్గా అదే. అతను మెడికల్ డివైస్ ఫ్యాక్టరీలో యంత్రాలకు పరీక్షలు పెట్టే వాలిడేషన్ ఇంజినీరు. ఇంట్లో, బయటా కూడా తను పెట్టిన పరీక్షలో నెగ్గినవాడే మనిషి అతని లెక్కలో. క్లబ్బు క్రికెట్ విభాగానికి అతనే కెప్టెను, పైగా క్లబ్బుకు సెక్రటరీ. కెప్టెనుగా ఉంటూ ఇంకొకరి కింద ఉండటం అతనికి కొన్నాళ్ళుగా గొంతులో ముల్లులా ఉంది.

మరి ఆ క్లబ్బులో తెలుగువాళ్ళను చేర్చుకున్నదెవరు? ఆ ప్రిస్కిల్లాయే. మొదట్లో మనవాళ్ళు ఇళ్ళ మధ్య ఉన్న పచ్చికలో టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడేవాళ్ళు. ఒక కిటికీ అద్దం పగిలింది, పక్కింటి ముసలాయన గార్డ్స్‌కు ఫోన్ చేశాడు, పోలీసు కారు వచ్చి మగాళ్ళందరూ చేతులు కట్టుకొని నిలబడ్డారు. ఆ సంగతి ఎలా తెలిసిందో, మర్నాడు ప్రిస్కిల్లా వెతుక్కుంటూ వచ్చింది. "మా మైదానం ఉంది కదా, అక్కడ ఆడండి. కిటికీల్లేవు, నదొక్కటే ఉంది" అని నవ్వింది. ఫుట్‌బాల్, వాలీబాల్, పిల్లల జూడో అప్పటికే ఉన్నాయి. క్రికెట్ కూడా చేరితే మల్టీస్పోర్ట్ క్లబ్బని ఊరి కౌన్సిల్ దగ్గర మాట చెల్లుతుందని ఆమె ఆశ. ఆశ పడటం తప్పా చెప్పండి?

ఏళ్ళు గడిచాయి. ఫార్మా వాళ్ళూ సాఫ్ట్‌వేర్ వాళ్ళూ ఒక్కొక్కరే ఇళ్ళు కొనుక్కొని కిల్కెన్నీకి చేరారు. క్లబ్బులో బ్రెజిల్ వాళ్ళకన్నా తెలుగువాళ్ళే ఎక్కువయ్యారు. అయినా పేరు మాత్రం 'వీలా అవురోరా' అనే బ్రెజిల్ పేరు, గుర్తు ఎద్దు తల, ఆదివారం మధ్యాహ్నం కాలేది గొడ్డు మాంసం.

ఈ చివరి దానితోనే ఆమని కడుపు రగిలింది. జూలైలో ఒక ఆదివారం ఆమె క్లబ్‌హౌసు వెనక్కు వెళ్ళేసరికి, నిప్పుల మీది మాంసంలోంచి ప్రిస్కిల్లా కత్తితో ఒక ముక్క కోసి, ఊది, కత్తి మొన మీదే అందించింది. రిషిత దాన్ని వేళ్ళతో తీసుకొని కళ్ళు మూసుకొని తింది. ఇంట్లో ఏం వండినా పెదవి విరిచే పిల్ల! తిని, చెయ్యి ప్రిస్కిల్లా ఏప్రానుకే తుడుచుకొని, ఆమె భుజం మీద తల వాల్చింది.

ఆమని ఆ మాట మొగుడితో చెప్పలేదు. అత్తగారితో అసలే చెప్పలేదు. మాంసం సంగతి ఎలాగోలా మింగేదేమో గాని, ఆ తల వాల్చడం ఉందే, అది మింగుడు పడలేదు. తొమ్మిదేళ్ళప్పుడు బడిలో ఎవరూ ఆటకు చేర్చుకోక మూల కూర్చున్న పిల్లను గోల్‌కీపరు చేసింది ప్రిస్కిల్లా. ఒప్పుకుందాం. అంతమాత్రాన పిల్లను రాసిచ్చేసినట్టా? 'టియా, టియా' అని నోరారా పిలుస్తుంది, అంటే వాళ్ళ భాషలో అత్తో పిన్నో. సొంత తల్లిని మాత్రం 'మామ్' అని, అదీ ఫోను చూస్తూ.

ఆ ఆడది ఆ మైదానంలోంచి పోతే తప్ప నా కూతురు నాకు దక్కదు అనుకుంది ఆమని. అనుకొని, ఆ మాట మనసులో గట్టిగా పెట్టేసుకుంది.

అత్తగారు తిరిగి తెనాలి వెళ్ళాక, అక్టోబరులో ఆమని ఇంట్లోనే మంతనాలు జరిగాయి. ఉప్మా తింటూ జానకిరామ్ లెక్క తేల్చాడు. అతను వరంగల్ మనిషి, ఫార్మా కంపెనీలో సైంటిస్టు. మైకు దొరికితే వదలడని పేరు.

"ఓట్లకేం ఫికరు లేదన్నా. మనోళ్ళే మస్తుమంది ఉన్నరు. గని ఒక్క కిరికిరి ఉంది. ప్రెసిడెంటును దించాలన్నా, పేరు మార్చాలన్నా, ఎద్దును తీసెయ్యాలన్నా గా ప్రెసిడెంటే ఒప్పుకోవాల్నని రూల్ రాసుకున్నరు వాళ్ళు. గామె చెయ్యెత్తకుంటే ఎంతమందిమి ఎత్తినా లాభం లేదు."

"ఆవిడెందుకెత్తుద్ది?" అన్నాడు కళాధర్.

"సన్మానం చేస్తే ఎత్తుతది."

కళాధర్‌కు వెలిగింది. మన సంఘాల్లో గౌరవాధ్యక్ష పదవి అంటే ఏమిటో తెలియనిదెవరికి? అడ్డు తగిలే పెద్దమనిషికి శాలువా కప్పి, పూలదండ వేసి, నాలుగు మంచి మాటలు చెప్పి, కింద ఉన్న కుర్చీ మెల్లగా వెనక్కి లాగేయడం. ఆ మనిషి దండం పెడుతూనే కిందపడతాడు. మనవాళ్ళు ఏ దేశం వెళ్ళినా ఇడ్లీ రేకులతో పాటు ఈ విద్య కూడా పట్టుకెళతారు. పాపం, బ్రెజిల్ వాళ్ళకు ఇది తెలియదు.

"పక్కన వాళ్ళోళ్ళెవరూ ఉండకూడదు కానీ. చెవిలో ఊదేత్తారు" అన్నాడు కళాధర్. "ఏమే, ఆవిడ నీతో బాగానే ఉంటది కదా. వాళ్ళోళ్ళు పనిచేసే మీట్ ప్లాంట్‌లో క్రిస్మస్ ముందు ఏ శనివారం ఊపిరాడని పని ఉంటదో కనుక్కో. మొగోళ్ళంతా కత్తులు పట్టుకొని లోపలుంటారు."

"వదినే యాంకరింగ్ చేస్తది. క్లబ్బు హిస్టరీ చెప్పాలె కదా, గదే అడిగినట్టు పోయి అడుగు వదినా" అన్నాడు జానకిరామ్.

మర్నాడు ఆదివారం. ఆమని క్లబ్‌హౌసు వంటగదిలో కూర్చుంది. ప్రిస్కిల్లా అలమర తలుపు తీసి కప్పులు బయట పెట్టింది. ఆమె కుడి భుజం పైకి లేవదు. మీట్ ప్లాంటులో ఏళ్ళ తరబడి కత్తి ఆడించి ఆడించి అది పాడైంది. ఇప్పుడు వృద్ధాశ్రమంలో పక్కలు సర్దే పని చేస్తోంది. కప్పులు కూడా ఎడమ చేత్తోనే అందించింది.

"మీ పెద్దవాళ్ళలో మా చరిత్ర అడిగిన మొదటి మనిషివి నువ్వే" అని మురిసిపోయింది. ఆమె ఇంగ్లీషు ఆగి ఆగి నడుస్తుంది. "మాది గోయాస్. ఎర్రమట్టి ఊరు. ఊళ్ళో కబేళా, మా వీధంతా అందులోనే పని. ఆదివారం సెలవు, వెనకున్న ఖాళీ స్థలంలో బంతి ఆడేవాళ్ళు. ఒక ఆదివారం, మర్నాటికని కట్టేసిన ఎద్దొకటి తాడు తెంపుకొని ఆట మధ్యలోకి వచ్చి పడింది. అందరూ పరుగో పరుగు! గోల్‌కీపరు ఒక్కడే కదల్లేదు. ఆయన మా తాత. ధైర్యమని ఆయన చెప్పేవాడు, భయానికి కాళ్ళు రాలేదని మా అవ్వ చెప్పేది."

ఆమని నవ్వింది. నవ్వకుండా ఉండలేకపోయింది.

"ఆ ఎద్దు నేరుగా వచ్చి, తాత ముందు నిలబడి, తల వంచి గడ్డి మేయడం మొదలెట్టింది. అంతే ఆమనీ. ఇక దాన్ని చంపడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. రోజూ చంపేవాళ్ళే! తలా ఇంత వేసుకొని దాన్ని కొనేశారు. ముసలిదై, దానంతట అది పోయేదాకా ఆ మైదానంలోనే మేసింది. దాని బొమ్మే మా గుర్తు. క్లబ్బు అలా పుట్టింది. తరవాత మాకేదీ అని ఆడవాళ్ళు పోట్లాడితే వాలీబాల్ వచ్చింది, తరవాత పిల్లలకు ఈత కొలను, ముసలివాళ్ళకు ఇనప గుండ్లు దొర్లించే ఆట, శనివారం డాన్సు."

"ఇప్పుడు అక్కడ లేదా?"

"కబేళా మూసేశారు. కత్తి పని తప్ప ఏం తెలుసు మాకు? ఇక్కడి ప్లాంటుకు మనుషులు కావాలంటే వీధి వీధంతా విమానమెక్కాం. మా ఆయన సూట్‌కేసులో బట్టలు తీసేసి ఎద్దు తల పెట్టుకున్నాడు. ఆ చలికాలమంతా నా కోటు ఆయనా నేనూ మార్చి మార్చి వేసుకున్నాం. ఈ మైదానం అప్పుడు రాళ్ళగుట్ట. ఆదివారాలన్నీ రాళ్ళు ఏరాం. ఆయన పోయాడు గాని, నేను ఇక్కడికి వస్తే ఆయన దగ్గరికి వచ్చినట్టే ఉంటుంది."

నిజం చెప్పాలంటే ఆమని గుండె కరిగింది. చంపకుండా వదిలేసిన ఎద్దు! అత్తగారు బొట్టు పెట్టింది తప్పు కాదన్నమాట. ఫోన్ చేసి చెబితే ఆ పెద్దావిడ ఎంత సంతోషిస్తుంది! కళాధర్‌కు చెబితే, ఏమో, ఆ గొడవంతా ఇక్కడితో ఆగిపోతుందేమో కూడా.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకొని రిషిత వచ్చింది, మోకాళ్ళ దాకా బురదతో. "టియా, ఐమ్ పార్చ్‌డ్" అంటూ ప్రిస్కిల్లా తాగుతున్న గ్లాసు లాక్కొని ఎంగిలి నీళ్ళు గటగటా తాగేసింది. తల్లిని చూసి, "ఓ, హాయ్ మామ్" అని వెళ్ళిపోయింది. ప్రిస్కిల్లా ఆ పిల్ల వెళ్ళినవైపే కళ్ళార్పకుండా చూసింది.

ఆమని కప్పు కింద పెట్టింది. "క్రిస్మస్ ముందు మీ ప్లాంటులో బాగా పని ఉండే శనివారం ఏది?" అని అడిగింది.

"పండక్కి ముందు వచ్చే శనివారం. ఆ రోజు రాకపోతే ఉద్యోగమే ఉండదు. ఎందుకు?"

"వార్షిక సమావేశం ఆ రోజు పెట్టకుండా చూద్దామని."

ప్రిస్కిల్లా లేచి వచ్చి, పనికొచ్చే ఎడమ చేత్తో ఆమని తల నిమిరింది. "మా గురించి ఇంత ఆలోచించేది నువ్వొక్కదానివే" అంది.

సమావేశం ఆ శనివారమే పెట్టారని వేరే చెప్పాలా? ప్రిస్కిల్లా ఫోన్ చేసి అడిగితే ఆమని తడుముకోలేదు. "నేను చెప్పాను, మగవాళ్ళు వింటేగా. వాళ్ళే తేదీ మార్చేశారు" అంది. "బాధపడకు, మా దగ్గరా అంతే" అని ప్రిస్కిల్లాయే తిరిగి ఓదార్చింది. ఎలాగూ పది నిమిషాల మీటింగు, తరవాత కేకు, ప్రతి ఏడూ జరిగేదే అనుకుందామె. అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకు కూడా ఆ రోజే డబ్లిన్‌లో, బోమాంట్ వైపు కప్పు మ్యాచ్ కుదిర్చాడు కళాధర్. రిషిత, మిగతా పిల్లలు, కార్లు తోలే తల్లులు అందరూ అటు పోయారు.

ఆ రోజు క్లబ్‌హౌసు పెళ్ళిపందిరిలా ఉంది. పట్టుచీరలు, కుర్తాలు, సమోసాల వాసన, కుర్చీల మధ్య పరుగెత్తే పిల్లలు. బ్రెజిల్ వాళ్ళ తరఫున ప్రిస్కిల్లా, ఆమెతో వృద్ధాశ్రమంలో పనిచేసే ఇద్దరు ఆడవాళ్ళు, అంతే. ప్రిస్కిల్లా ఎప్పటిదో నీలం గౌను వేసుకొని, పెదాలకు రంగు వేసుకొని వచ్చింది. అందరికీ పంచాలని చాక్లెట్ ఉండలు చేసి డబ్బా నిండా తెచ్చింది. ఒక్క చేత్తో చుట్టినవి, అందుకే వంకరటింకరగా ఉన్నాయి.

ఆమె చేత దీపం వెలిగించారు. మెడలో దండ వేశారు. జరీ అంచు శాలువా ఒకటి ప్లాస్టిక్ కవరులోంచి ఫెళఫెళ తీసి ఆమె భుజాల మీద కప్పారు. కప్పింది ఆమనే. ప్రిస్కిల్లాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. శాలువా అంచు చూసుకుంటుంది, దండ వాసన చూసుకుంటుంది, మళ్ళీ ఏడుస్తుంది. మొగుడు పోయాక ఆమెకు ఎవరైనా ఏదైనా కప్పడం అదే మొదలట. ఆ మాట పక్కనున్న ఆడవాళ్ళతో చెబుతుంటే ఆమని విన్నది.

విని, మైకు దగ్గరికెళ్ళి చరిత్ర చెప్పింది. బ్రెజిల్‌లో ఒక పశువధశాల ఉండేదని, అక్కడి పనివాళ్ళు పెట్టుకున్న క్లబ్బు ఇదని, గుర్తు ఆ పశువధశాల ఎద్దేనని, కాలం మారిందని, ఇప్పుడు ఇంజినీర్లూ సైంటిస్టులూ ఉన్న క్లబ్బుకు కొత్త అధ్యాయం మొదలవుతోందని. ముందు వరసలో ఆడవాళ్ళు ముక్కు మీద వేలేసుకున్నారు. ప్రిస్కిల్లా మాత్రం చిన్నపిల్లలా ముందుకు వంగి, ఎద్దు తాడు తెంపుకొనే ఘట్టం ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని ఎదురుచూసింది. అది రాలేదు. సమయం చాలలేదేమో అనుకొని చప్పట్లు కొట్టింది.

ఆమని వచ్చి ఆమె పక్కన కూర్చుంది. జానకిరామ్ మైకు అందుకొని తీర్మానం చదివాడు. మన ప్రియతమ ప్రిస్కిల్లా గారికి జీవితకాల గౌరవాధ్యక్ష పదవి, అధ్యక్షుడిగా కళాధర్, క్లబ్బుకు కొత్త పేరు, కొత్త గుర్తు, ఆవరణలో గొడ్డు మాంసం నిషేధం. అన్నీ ఒకే తీర్మానం. మొదటి ముక్క నింపాదిగా, తక్కినవన్నీ రైలు పోయినట్టు.

"ఏమంటున్నాడు? నేనేం చేయాలి?" ప్రిస్కిల్లా ఆమని చెవిలో అడిగింది.

ఇక్కడ ఆమని ఒక్క మాట చెప్పొచ్చు. ఆగు, వద్దు, నాకు తెలియదు, ఏదైనా. నోటిదాకా రానే లేదు. కూతురు ఆ మనిషి భుజం మీద వాల్చిన తలే కళ్ళ ముందు ఉంది.

"నిన్ను జీవితాంతం గౌరవాధ్యక్షురాల్ని చేస్తున్నారు. మాలో ఇంతకంటే పెద్ద గౌరవం లేదు. చెయ్యెత్తు" అంది.

ప్రిస్కిల్లా కుడి చెయ్యి లేవదు కదా. ఎడమ చెయ్యి పైకెత్తి, సరిపోదేమోనని ఆ చేత్తోనే కుడి చెయ్యి మణికట్టు పట్టుకొని, నొప్పికి పెదవి కొరుక్కుంటూ దాన్ని కూడా పైకి లాగింది. శాలువా జారిపోతుంటే ఆమని సర్దింది.

"ఏకగ్రీవం!" అని అరిచాడు జానకిరామ్. హాలంతా చప్పట్లు.

మర్నాడు పొద్దున ప్రిస్కిల్లా ఎప్పటిలాగే తాళం తీయడానికి వచ్చింది. తాళంచెవి తిరగలేదు. ఆమనికి ఫోన్ చేసి, "తాళం పాడైంది ఆమనీ, ఎద్దును కూడా ఎవరో ఎత్తుకుపోయారు, గార్డ్స్‌కు చెబుదామా?" అని కంగారుపడింది. ఎద్దు తల అప్పటికే గేటు అవతల చెత్త వేసే స్కిప్‌లో పడి ఉంది. ఆమని "కనుక్కుంటాను" అని పెట్టేసింది. ఆ తరవాత మళ్ళీ మోగితే ఎత్తలేదు.

ముందురోజు సాయంత్రం రిషిత కప్పు గెలుచుకొని ఇంటికి వచ్చినప్పుడు, తండ్రి సోఫాలో వెనక్కి వాలి విజయగాథ వినిపించాడు. "ఇక ఆదివారం అక్కడ మన వంటలే, మన పాటలే. కూచిపూడి క్లాసు కూడా పెడతన్నాం, నువ్వు చేరాలి" అన్నాడు. పిల్ల కేకలు వేస్తుందని ఆమని గుండె చిక్కబట్టుకొని నిలబడింది. రిషిత ఏమీ అరవలేదు.

"గ్రాండ్" అని తన గదిలోకి వెళ్ళిపోయింది.

ఐర్లండులో ఆ మాట బాగుందని చెప్పడానికీ వాడతారు, నీతో ఇక మాటల్లేవని చెప్పడానికీ వాడతారు. ఇన్నేళ్ళు ఉండి కూడా ఆమని దాన్ని మొదటి అర్థంలోనే తీసుకొని ఊపిరి పీల్చుకుంది.

కొత్త పేరు దగ్గర మనవాళ్ళు జుట్లు పట్టుకున్నారు లెండి. కాకతీయ అని జానకిరామ్ వర్గం, అమరావతి అని కళాధర్ వర్గం. చివరికి ఎవరికీ చెందని 'రాయల్ కిల్కెన్నీ' అని రాజీ పడ్డారు. గడ్డి కోసేవాడు లేక మైదానం అడ్డదిడ్డంగా పెరిగింది. ఇన్నాళ్ళూ షిఫ్టు దిగి వచ్చి దాన్ని కోసింది బ్రెజిల్ వాళ్ళని అప్పుడు గుర్తొచ్చింది. కూచిపూడి క్లాసుకు రిషిత వెళ్ళలేదు. ఆదివారం వస్తే బూట్లు వేసుకొని, ఎక్కడికో చెప్పకుండా బస్సెక్కి పోయేది. కళాధర్ ఒకరోజు గుమ్మానికి అడ్డం నిలబడి కేకలేశాడు. పిల్ల కిటికీలోంచి దిగి పోయింది. ఇంట్లో తల్లితో అవసరమైతే ఒక మాట, లేకపోతే అదీ లేదు.

జనవరిలో తెనాలి నుంచి శ్యామలాదేవి ఫోన్. రిషిత అదే గదిలో కూర్చుని ఉంది. "ఏమ్మా ఆమనీ, ఆ ఎద్దును చంపలేదంటగా! పెంచుకున్నారంటగా! రిషితమ్మ చెప్పింది. మన నందే అది, నా బొట్టు వృథా పోలా. నీకు తెలుసా ఈ సంగతి?"

"తెలీదత్తయ్యా" అంది ఆమని.

రిషిత తలెత్తి తల్లిని చూసింది. వంటగదిలో కూర్చోబెట్టి తాత, ఎద్దు, తాడు అన్నీ పూసగుచ్చినట్టు మీ అమ్మకు చెప్పానని ప్రిస్కిల్లా ఆ పిల్లకు ఎప్పుడో చెప్పేసింది. ఆ సంగతి ఆమనికి తెలియదు.

ఫిబ్రవరిలో ఇక ఆగలేకపోయింది ఆమని. పులిహోర, పెరుగువడ డబ్బాల్లో సర్దుకొని, కూతురు ఎక్కిన బస్సు వెనకే కారు పోనిచ్చింది. బస్సు ఊరి అవతలి పబ్లిక్ పార్కు దగ్గర ఆగింది. చలిగాలి, సన్నటి తుంపర. తాళం, గది, గోలు వల ఏమీ లేని చోట, కోట్లు కుప్పపోసి గోలు చేసుకొని ఆడుతున్నారు వాళ్ళు. చెట్టుకు ఆనించి ఎద్దు తల ఉంది. ఒక కొమ్ము విరిగింది. నుదుట కుంకుమ మరక ఇంకా ఉంది. స్కిప్‌లోంచి దాన్ని తీసి తెచ్చింది ఎవరో ఆమనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ప్రిస్కిల్లా ఆమెను చూడగానే అరుచుకుంటూ ఎదురొచ్చింది. "ఆమనీ! నా చెల్లెలా! నీ ఫోన్ పాడైందా? నేను ఎన్నిసార్లు చేశాను!" అని కౌగిలించుకొని, ఆటగాళ్ళందరికీ వినపడేట్టు చెప్పసాగింది. "ఈవిడే! మన కోసం మగవాళ్ళతో పోరాడింది. ప్లాంటులో ఏ శనివారం పనో నన్ను ముందే అడిగింది, మీటింగు ఆ రోజు పడకూడదని. పాపం, వాళ్ళు వినలేదు. చెయ్యెత్తమని నాకు చెప్పింది కూడా ఈవిడే. ఆ శాలువా ఈవిడ చేత్తో కప్పిందే. క్లబ్బు పోయింది గాని, ఆ రోజును నేను మరచిపోను."

రిషిత గోలు దగ్గర్నుంచి నడిచొచ్చి, వాళ్ళకు కొంచెం ఎడంగా నిలబడి అంతా విన్నది. శనివారం సంగతి ఆ పిల్లకు అప్పుడే తెలిసింది. చెయ్యెత్తడం సంగతీ అప్పుడే.

"ఇంటికి పోదాం రా నాన్నా. నీకిష్టమని పులిహోర చేశా" అంది ఆమని.

రిషిత గ్లవ్స్ విప్పి నేల మీద పెట్టింది. చెట్టు దగ్గర ప్రిస్కిల్లా సంచీ ఉంది. అందులోంచి, మడత నలగకుండా, మళ్ళీ అదే ప్లాస్టిక్ కవరులో దాచిన శాలువాను ఫెళఫెళ బయటికి తీసింది. తల్లి దగ్గరికి వచ్చి, రెండు చేతులతో విప్పి, ఆ రోజు తల్లి కప్పినట్టే భుజాల మీద కప్పింది. జారకుండా ముందు సర్దింది కూడా.

ఏళ్ళ తరవాత ఆ పిల్ల నోట్లోంచి తెలుగు వాక్యం ఒకటి పూర్తిగా వచ్చింది. యాస వంకరే గాని, ప్రతి మాటా వినపడింది.

"అమ్మా, ఇప్పటిదాకా చేసినదానికి థ్యాంక్స్. ఇవాళ్టి నుంచి నువ్వు నా గౌరవ అమ్మవి."

అని రెండు చేతులూ జోడించి, తల వంచి దండం పెట్టింది.

బ్రెజిల్ వాళ్ళకు తెలుగు రాదు. శాలువా కప్పడమంటే మాత్రం తెలుసు, ప్రిస్కిల్లా వాళ్ళకు వందసార్లు చెప్పింది, ఇండియా వాళ్ళలో దాన్ని మించిన గౌరవం లేదని. కూతురు తల్లిని సన్మానిస్తోంది! అందరూ ఆట ఆపి చప్పట్లు మొదలెట్టారు. ఈలలు వేశారు. అందరికన్నా గట్టిగా ప్రిస్కిల్లా కొట్టింది, లేవని చేతి మీద లేచే చెయ్యి వేసి కొడుతూ, కళ్ళ నిండా నీళ్ళతో.

ఆమని నిలబడ్డచోటే నిలబడిపోయింది. శాలువా కప్పినప్పుడు ఏం చేస్తారో చేతులకు అలవాటే కదా, వాటంతటవే జోడించుకున్నాయి.

రిషిత గ్లవ్స్ తొడుక్కొని గోలు దగ్గరికి వెళ్ళిపోయింది.